మా జూలియట్

"ఇంట్లో ఇన్ని గిన్నెలుండగా నా గంజి గిన్నే దొరికిందా నీకు?" అన్నాను.

పొద్దున్నే ఆ గిన్నెను వంటింటి గట్టు మీద బోర్లించి చూస్తున్నాను. మంచి మందం ఉన్న అల్యూమినియం గిన్నె. అడుగంతా సొట్టలు. నిలబెడితే ఊగుతోంది. జూలియట్ జడ అల్లుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"సీకట్లో సేతికి అదే వొచ్చింది అక్కా. ఏ గిన్నె ఎవురిదో ఏటి సూస్తాను?"

"మీ అమ్మ పెట్టిన స్టీలు గిన్నెలు అటక మీద అట్టపెట్టెలో ఉన్నాయి కదా. అవి చేతికి రావేం?"

"స్టీలు మోగదు. అల్యూమినీ అయితే రేవుదాకా ఇనిపిస్తాది."

ముందుగదిలోంచి మా అత్తగారు కేకేశారు. "ఒలే, దెయ్యాన్ని ఎళ్ళగొట్టడానికి కదా కొట్టినారు? గిన్నె సంగతి తరవాత. ముందు దెయ్యం ఎళ్ళిందా లేదా సెప్పండి."

"ఎళ్ళలేదు అత్తా," అంది జూలియట్.

"అయితే సరిగ్గా కొట్టలేదన్నమాట. రేపు ఇంకో గిన్నె తియ్యి."

మా ఆయన, మరిది ఇద్దరూ నవ్వారు. జూలియట్ కూడా నవ్వుతూ బ్యాగు భుజానికి తగిలించుకుంది. ఆఫీసుకి టైమైందట. నేను గిన్నెను అలాగే బోర్లించి ఉంచి, అన్నం ఇంకో దాంట్లో పడేశాను.

ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్నప్పటినుంచి యాంగోన్‌లో రాత్రి ఎనిమిది కొట్టగానే వీధులన్నీ గిన్నెలు వాయిస్తున్నాయి. ఇంట్లోంచి దెయ్యాన్ని తరమడానికి బర్మావాళ్ళు ఎప్పటినుంచో చేసే పని అది. ఇప్పుడు ఆ దెయ్యం ఎవరో అందరికీ తెలుసు. దీపాలార్పి, వరండా చీకట్లో నిలబడి వాయించాలి. వెలుగు కనిపిస్తే కింద సైన్యం జీపు ఆగుతుంది. మా ఇంట్లో అందరం వాయించాం. నేను చిల్లుపడ్డ మూకుడు వాయించాను. అందుకోసమని దాన్ని ముందే తీసి పక్కన పెట్టుకున్నాను. నేనైతే అలా చేస్తాను. జూలియట్ అలా చెయ్యదు. చేతికి ఏది వస్తే అది తీసుకుంటుంది. అది ఆమెకే చెల్లుతుంది.

జూలియట్ నా తోడికోడలు. నా మరిది బెంజమిన్ భార్య. ఇదే ఊళ్ళో పబేడాన్ బజారులో పుట్టి పెరిగిన పిల్ల. మేమందరం బోటాటౌంగ్ పేటలో ఒకే ఇంట్లో, నాలుగో అంతస్తులో ఉంటాం. మా మామగారు పోయేముందు ఇద్దరు కొడుకులకీ కలిపి ఒక చిన్న ఆఫీసు ఇచ్చి పోయారు. ఓడల్లో వచ్చిన సరుకుకి కాగితాలు తయారుచేసి, కస్టమ్స్ దాటించి, రేవులోంచి బయటికి తెప్పించే ఆఫీసు. ఇంటినుంచి రెండు సందులు దాటి నది వైపు నడిస్తే వస్తుంది. నా భర్త హెరాల్డ్ పెద్దాయన కాబట్టి ఆయన మాటే చివరి మాట.

నేను లెక్కల్లో డిగ్రీ చదివాను. పెళ్ళయిన కొత్తలో ఆఫీసుకి వస్తానంటే మామగారు, "ఇంట్లో ఎవురు సూస్తారమ్మా?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు నేనే అయ్యాను. పన్నెండేళ్ళ తర్వాత జూలియట్ కోడలిగా వచ్చింది. ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇల్లు చూసుకోవడానికి అప్పటికే మనిషి ఉంది కదా.

ఇక్కడ ఎవరినీ వట్టి పేరు పెట్టి పిలవరు. వయసులో ఉన్న ఆడపిల్ల పేరు ముందు 'మా' అంటారు. పెద్దదైతే 'డో'. మగవాడైతే 'కో', పెద్దవాడైతే 'ఊ'. వీధిలో నేను డో మరియనై చాలాకాలమైంది. కూరలమ్మే మనిషి కూడా డో మరియ అంటుంది. జూలియట్ ఇంకా మా జూలియట్. ఆఫీసుకి ఫోన్ చేసిన ప్రతివాడూ "మా జూలియట్ ఉందా?" అంటాడు. బర్మా మాటే అని నాకు తెలుసు. కానీ నా చెవి తెలుగు చెవి. అందరూ ఆమెను మా జూలియట్, మా జూలియట్ అని పంచుకుంటున్నట్టు వినిపిస్తుంది.

రాత్రి అన్నాల దగ్గర ముగ్గురూ ఆఫీసు మాటలే మాట్లాడుకునేవారు. ఫలానా కంటైనర్, ఫలానా ఓడ. నేను వడ్డిస్తూ వినేదాన్ని. మధ్యలో నేనేదైనా అడిగితే మా ఆయన, "అది పెద్ద కతలే," అనేవారు. జూలియట్ అడిగితే అదే కథ మొదటినుంచి చెప్పేవారు.

మార్చిలో ఫోన్లలో ఇంటర్నెట్ పోయింది. ఏప్రిల్ వచ్చేసరికి ఆఫీసులో ఉన్న వైర్‌లెస్ ఇంటర్నెట్ కూడా పోయింది. అప్పటిదాకా ఆఫీసు కాగితాలన్నీ ఎక్కడో దూరాన కంపెనీవాడి దగ్గర ఉండేవట, ఇంటర్నెట్ ఉంటేనే తెరుచుకునేవట. అలా అవుతుందని జూలియట్ ముందే అనుమానించి, మొత్తం తన ల్యాప్‌టాప్‌లోకి దించి పెట్టుకుంది. పబేడాన్‌లో వాళ్ళ అన్న కంప్యూటర్లు బాగుచేస్తాడు. అతని దగ్గరనుంచి ఒక నల్లని పెట్టె తెచ్చి ఆఫీసులో పెట్టి, నాలుగు కంప్యూటర్లకీ వైర్లు కలిపింది. బయటి ప్రపంచంతో పని లేకుండా ఆ పెట్టెలోని కాగితాలు అందరూ తెరవొచ్చు. షేర్ డ్రైవ్ అన్నారు. ఎవరి పేరు వాళ్ళది, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది.

ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే మొదలుపెట్టారు. "ఊరంతా సేతులు ముడుసుకు కూసుంటే మన ఆఫీసు నడుస్తోందే. మా జూలియట్ ఒక్కతే సేసింది."

ఆయన అన్నది బర్మా 'మా'నో తెలుగు 'మా'నో నేను అడగలేదు. చారు దించి పక్కన పెట్టి, చల్లారాక పోశాను.

ఎండలు ముదిరి కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సాయంత్రం దాకా రాలేదు. అప్పటివరకు ఆఫీసులో కంప్యూటర్లు ఎవరూ కట్టెయ్యలేదట, తెర మాత్రం ఆర్పి ఇంటికొచ్చేవారట. ఆ రోజు అన్నీ ఆరిపోయాయి. మర్నాడు తెరిస్తే డ్రైవ్ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. పేరు కొట్టమంది, పాస్‌వర్డ్ కొట్టమంది. కొడితే తప్పంది.

ఈ సంగతి మా ఆయన అన్నం ముందు కూర్చుని చెబితే తెలిసింది.

"నాను కొడితే మయబూ, రానే రాదు. తప్పు, తప్పు, తప్పు. జూలియట్ వొచ్చి కొడితే టక్కున తెరుసుకుంటాది. నా పేరే, నా పాస్‌వర్డే! నా సేతికి రాదు, దాని సేతికి వొస్తాది. ఇదేటి సిత్రం?"

"ఆమెను అడగలేకపోయారా?"

"అడగక? ఏ పేరు కొట్టాలమ్మా అన్నాను. మీ పేరే బావా అంది. కొట్టాను. రాలేదు. అది వొచ్చి తెర మీద ఆ కిటికీ మూసీసి, మల్లీ తెరిసి, మొదటినుంచి కొట్టింది. వొచ్చింది. మీరు తప్పు నొక్కుంటారు బావా, కళ్ళజోడు మార్చండి అంటాది."

"మీ పాస్‌వర్డ్ ఆమెకెలా తెలుసు?"

ఆయన పెరుగు కలుపుకోవడం ఆపలేదు. "కొట్టాలంటే సెప్పాలి కదే."

"నాకు చెప్పండి."

"నీకెందుకు? ఆఫీసు విషయం."

నా భర్త దాచుకునే మాట ఒకటుంది. అది నా తోడికోడలికి తెలుసు. నాకు తెలియదు. ఆ రాత్రి గిన్నెలు తోముతూ ఆ మాట ఏమై ఉంటుందా అని చాలా మాటలు ఆలోచించాను. ఏదీ నాకు నచ్చలేదు.

బెంజమిన్‌కీ అంతే. అతని చేతికీ రాదు, జూలియట్ చేతికి వస్తుంది. కానీ బెంజమిన్ నవ్వుతూ లేచి భార్యకు కుర్చీ ఇచ్చేవాడు. మా ఆయన అలా నవ్వే మనిషి కాదు. పైగా అవి ఎవరినీ నమ్మే రోజులు కావు. రాత్రి ఇంట్లో బయటివాళ్ళు ఉంటే వార్డు ఆఫీసులో చెప్పి తీరాలి. మా పక్క వాటాలో రాత్రి వచ్చిన చుట్టం పేరు చెప్పలేదని ఎవరో పైకి చేరవేశారు. ఎవరు చెప్పారో తెలియక మెట్ల మీద అందరూ అందరినీ అనుమానంగా చూసుకుంటూ దిగేవారు. ఆఫీసులో ఒక గుమాస్తా సైన్యానికి వ్యతిరేకంగా సమ్మెలోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. అతని బల్ల ఖాళీగా ఉంది. మిగిలింది డో ఖిన్ శ్వే అనే పెద్ద గుమాస్తా ఒక్కరే. మా మామగారి కాలంనుంచి ఉన్న బర్మా ఆవిడ.

"జూలియట్ అన్నీ తన గుప్పిట్లో పెట్టుకుంటోందేమో," అన్నారు మా ఆయన ఒకరోజు, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుండగా. "మొగుడూ పెళ్ళాం కలిసి ఆఫీసు పట్టుకుని ఎళ్ళిపోదామనేమో. దాని అన్న పెట్టె, దాని తాళం. నా ఆఫీసులో నాను గుమ్మం బయట నిలబడ్డాను."

కాదు అనడానికి నా దగ్గర కారణం లేదు. ఔననడానికీ లేదు. నేను కాలర్ మీద ఇస్త్రీపెట్టె మళ్ళీ ఒకసారి నడిపి, "ఎవరి పేరుతో వాళ్ళు వెళ్ళలేకపోవడం విచిత్రమే," అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆయన దాన్ని ఎలా పట్టుకుంటారో నాకు తెలుసు.

శనివారం జూలియట్, బెంజమిన్ పబేడాన్ వెళ్ళారు. వాళ్ళమ్మకి జ్వరమట. మా ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగారు.

"నువ్వూ రా. సదువుకున్నావు కదా. ఓసారి సూద్దువుగాని."

పెళ్ళయ్యాక ఆయన ఆ మాట అనడం అదే మొదలు. చీర మార్చుకోవడానికి పట్టినంత సేపే పట్టింది నాకు.

సందు చివర జీపులు రాకుండా వీధి కుర్రాళ్ళు వేసిన ఇసక బస్తాలు, వెదుళ్ళు అడ్డంగా ఉన్నాయి. వాటి పక్కనుంచి ఒక్కొక్కరుగా దూరి వెళ్ళాలి. నది వైపు గోదాముల దగ్గర లారీలు కదలకుండా వరసలో ఉన్నాయి. సేక్కాన్ రేవు క్రేన్లు చేతులెత్తినట్టు ఆగిపోయి ఉన్నాయి. ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది. కిటికీ పక్క బల్ల జూలియట్‌ది. ఆమె కుర్చీకి వెనక చిన్న దిండు కట్టి ఉంది. నేను దానిలో కూర్చోలేదు, సమ్మెలోకి పోయిన గుమాస్తా కుర్చీ లాక్కున్నాను. కానీ దిండు ఎలా కుట్టారో చూశాను. కుట్లు వంకర.

మా ఆయన తన కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు వేళ్ళతో పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టారు. తప్పంది. మళ్ళీ కొట్టారు. తప్పంది.

"సూసావా?"

"నన్ను కొట్టనివ్వండి. పాస్‌వర్డ్ చెప్పండి."

ఆయన డో ఖిన్ శ్వే వైపు చూశారు. ఆవిడకి తెలుగు రాదు. అయినా గొంతు తగ్గించారు. "పీతలపులుసు. ఇంగ్లీషు అచ్చరాల్లో. చివర పద్నాలుగు."

"ఏమిటీ?"

"పీతలపులుసే!"

"ఎవరు చేసిన పీతలపులుసు?"

"ఎవరు సేస్తే ఏటే? పులుసు పులుసే కదా!"

పీతలు ముట్టుకుంటే నా చేతులు దద్దుర్లెక్కుతాయి. డాక్టరు వద్దన్నాక నేను వాటిని వండటం మానేశాను. మా ఇంట్లో పీతలు వండేది జూలియట్. ఆ సంగతి ఆయనకు ఆ క్షణంలో గుర్తొచ్చినట్టుంది, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పేరు కొట్టాను: హెరాల్డ్. పీతలపులుసు కొట్టాను, ఒక్కో అక్షరం చూసి, పద్నాలుగుతో సహా. తప్పంది.

డో ఖిన్ శ్వే తన బల్ల దగ్గర్నుంచి, తనకూ అంతే అని బర్మాలో చెప్పింది. ఖిన్ శ్వే అని కొడుతోంది, తప్పంటోంది. మా జూలియట్ వచ్చి కొడితే వస్తుంది. "మా జూలియట్ చేతిలో ఏదో మహిమ ఉంది," అని నవ్వింది. అంతలో మా ఆయన లేచి, కుర్చీ ఆవిడ వైపు తోశారు. "మీరొకసారి చూడండి, నా పేరుతో." పాస్‌వర్డ్ ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే ఆవిడ కొట్టింది.

డ్రైవ్ తెరుచుకుంది. ఫోల్డర్లన్నీ పసుపుపచ్చగా వరసగా వచ్చి నిలబడ్డాయి.

మా ఆయన ముఖం ఎర్రబడింది. "ఓహో! ఈవిడా అందులోనే ఉందన్నమాట," అన్నారు నాతో తెలుగులో. "ఇద్దరూ ఒకటే. నా ఆఫీసు, నాకు తప్ప అందరికీ తెరుసుకుంటాది." కావలసిన కాగితాలు అచ్చు తీసుకుని, వాటిని మడిచి జేబులో కుక్కుకుని, రేవు దగ్గర మనిషిని కలవాలని విసవిసా వెళ్ళిపోయారు. డో ఖిన్ శ్వేకి ఏమీ అర్థం కాలేదు. మంచి పని చేసి తిట్లు తిన్న మనిషిలా నా వైపు చూసింది.

కానీ ఆవిడ కొడుతున్నప్పుడు నేను తెర వైపు చూస్తున్నాను. మా ఆయన పాస్‌వర్డ్ అక్షరాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నారు. ఆవిడ పేరు దగ్గర హెరాల్డ్ అని కొట్టలేదు. ముందు ఒక యు అక్షరం కొట్టి, తర్వాత హెరాల్డ్ కొట్టింది. ఇంగ్లీషులో ఊ ని అలాగే రాస్తారు. ఊ హెరాల్డ్.

"మీరు యు ఎందుకు పెట్టారు?" అని అడిగాను.

ఆవిడ ఆశ్చర్యపోయింది. "యజమాని పేరు కదా. ఊ లేకుండా ఎలా కొడతాను?"

"మరి మీ పేరు ముందు డో ఎందుకు పెట్టలేదు?"

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నా పేరుకి నేనే డో పెట్టుకుంటానా?"

"ఒకసారి పెట్టుకోండి," అన్నాను.

పెట్టుకుంది. సిగ్గుపడుతూ, తనను ఎవరో చూస్తున్నట్టు అటూ ఇటూ చూసి, డో ఖిన్ శ్వే అని కొట్టింది. తెరుచుకుంది.

అప్పుడు మొత్తం లెక్క నాకు కనిపించింది. ఆ పెట్టెలో పేర్లు రాసింది జూలియట్. అందరికంటే చిన్నది. బావగారి పేరు వట్టిగా రాయడానికి ఆమెకు చెయ్యి రాలేదు. గుమాస్తా అయినా పెద్దావిడ పేరూ అంతే. మొగుడి పేరు ముందు కో పెట్టే ఉంటుంది. మొదటిరోజు పేర్లన్నీ తనే కొట్టి అందరినీ లోపలికి పంపింది. ఆ తర్వాత మీ పేరే కొట్టండి అంది. ఎవరి పేరు వాళ్ళు కొట్టుకున్నారు. ఎవరి పేరుకి వాళ్ళు మర్యాద పెట్టుకోలేదు. అందుకే ఎవరూ తమ పేరుతో లోపలికి వెళ్ళలేకపోయారు, పక్కవాడి పేరు మర్యాదగా కొడితే ఎవరైనా వెళ్ళగలరు. జూలియట్ తన పేరు మాత్రం వట్టి జూలియట్ అని రాసుకుని ఉంటుంది. అందుకే ఆమెకు ఏ ఇబ్బందీ రాలేదు, తప్పెక్కడుందో తెలియనూ లేదు.

డో ఖిన్ శ్వేతో, "ఆయనతో నేను చెబుతాను," అన్నాను.

ఇంటికి నడిచి వచ్చాను. కాసేపటికి ఆయనా రేవునుంచి వచ్చేశారు, చెప్పాలంటే ఎదురుగానే ఉన్నారు. భోజనం చేసి పడుకుని, సీలింగు వైపు చూస్తూ, "రేపు తేల్చేస్తాను," అన్నారు. "సోమవారంనుంచి దాన్ని రావొద్దంటాను. నువ్వొచ్చి కూసో. ఇంటి మనిషివి."

పన్నెండేళ్ళూ, ఆ తర్వాత ఇన్నేళ్ళూ నేను విననిది ఆ మాట. నేను దుప్పటి అంచు సరిచేసి బయటికొచ్చాను.

సాయంత్రం గోంగూర ఆకు తుంచుతూ కూర్చుంటే జూలియట్ వచ్చి ఎదురుగా చతికిలబడింది. పబేడాన్‌నుంచి అప్పుడే వచ్చింది. అడక్కుండానే ఒక కట్ట తీసుకుని తుంచడం మొదలుపెట్టింది. కాడలతో సహా వేస్తోంది.

"కాడలు తీసెయ్యి," అన్నాను.

"అక్కా, బావ నాతో మాటాడ్డం మానీసినారు. నీకేటైనా తెల్సా?"

"నాకేం చెబుతారు ఆయన?"

"నానేటి తప్పు సేసినానో అర్తం కావట్లేదు. ఆ డ్రైవ్ ఎందుకలా సేస్తందో రెండుసార్లు మొత్తం ఇప్పి సూసినాను. అన్నీ బాగానే ఉన్నాయి." కాసేపు తుంచి, "పొద్దున్న ఆ సందు దాటి ఆఫీసుకి ఎళ్ళడం లేకపోతే ఈ నెలల్లో నాకు పిచ్చెక్కిపోయేది అక్కా. నువ్వెలా ఉంటున్నావో ఇంట్లో," అంది.

ఏ దురుద్దేశమూ లేకుండా అంది. అందుకే ఎక్కువ మండింది. నేనెలా ఉంటున్నానో ఇన్నాళ్ళకి ఆమెకు తోచింది. ఆమె ఒళ్ళోని ఆకులో కాడలు అలాగే ఉన్నాయి. నేను వాటిని నా వైపు లాక్కుని ఒక్కొక్కటీ ఏరాను.

ఆమె ఆఫీసు మానెయ్యాలని నాకు ఉంది. ఆ కుర్చీ నాకు కావాలి, ఆ వంకర కుట్ల దిండు విప్పేసి. కానీ కాలేజీలో మాకు లెక్కలు చెప్పిన మాస్టారు, దారి తప్పయితే జవాబు ఒప్పయినా సున్నా వేసేవారు. అప్పుడు ఆయన్ను తిట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే నేనూ ఆయనలాగే తయారయ్యాను. నాకు ఆ కుర్చీ ఒక యు అక్షరం వల్ల రావడం నచ్చలేదు. రేపు ఎవరైనా ఆ అక్షరాన్ని పట్టుకుంటే, నేను కూర్చున్నది తప్పు లెక్క మీద అని తేలుతుంది. అదీ జూలియటే పట్టుకుంటుంది.

ఆదివారం ప్రార్థన ఇంట్లోనే అయింది, చర్చి మూసి ఉంది. తర్వాత అందరం అన్నాలకి కూర్చున్నాం. గోంగూర రొయ్యలు, ఎండుచేప వేపుడు, చారు. అత్తగారు బల్ల చివర, మా ఆయన మొదట్లో. ఆయన రెండు ముద్దలు తిని గొంతు సవరించుకున్నారు.

"ఒక మాట అనుకున్నాను. సోమవారంనుంచి జూలియట్ ఆఫీసుకి రానక్కరలేదు."

జూలియట్ చెయ్యి అన్నంలో ఆగిపోయింది. బెంజమిన్ తలెత్తి, "ఏటన్నావు అన్నయ్యా?" అన్నాడు.

"ఇన్నావు కదా. నా ఆఫీసులో నా పేరుకే తాళం పడింది. తాళం దాని దగ్గర ఉంది. ఎందుకుందో నాను అడగను."

"అడుగు! అడక్కుండా ఎలా అంటావు?" బెంజమిన్ కంచం తోసేశాడు. "అది రాకపోతే నానూ రాను. ఇద్దరం పబేడాన్ పోతాం. ఆ పెట్టె కూడా దాని అన్నది, పట్టుకుపోతాం."

"సూసావా? నాను అనుకున్నదే అన్నాడు!"

"ఒరే ఒరే," అన్నారు అత్తగారు. "బయట సైన్యం కాల్చడం సాలదా, ఇంట్లో మీరూ కొట్టుకోవాలా? మరియా, సెప్పవే నీ మొగుడికి."

జూలియట్ నా వైపే చూస్తోంది. ఏడవడం లేదు. ఏడిస్తే నాకు కొంచెం సులువుగా ఉండేది.

"ఏమండీ," అన్నాను. "మీ పేరేమిటి?"

"ఏటీ?"

"మీ పేరు చెప్పండి."

"హెరాల్డ్! కొత్తగా అడుగుతావేటి?"

"ఊ ఏది?"

"నా పేరుకి నానే ఊ తగిలించుకుంటానా? సిగ్గుండక్కరలేదా?"

నేను జూలియట్ వైపు తిరిగాను. "బావగారి పేరేమిటి?"

"ఊ హెరాల్డ్," అంది జూలియట్ మెల్లగా.

నేను గోంగూర గిన్నె బెంజమిన్ వైపు జరిపి చెప్పాను. ఆ పెట్టెలో ఎవరి పేర్లు ఎలా ఉన్నాయో, ఎవరు ఏమి కొడుతున్నారో, డో ఖిన్ శ్వే నిన్న ఎందుకు తెరవగలిగిందో, ఆవిడ తన పేరుకి డో పెట్టుకుంటే ఏమైందో. మా ఆయన వింటూ వింటూ ఎండుచేప ముక్కను అన్నంలో పూడ్చేశారు.

"యు అచ్చరం," అన్నారు చివరికి. "ఒక్క యు అచ్చరమా?"

"నాది కేఓ," అన్నాడు బెంజమిన్ భార్య వైపు చూసి. అతని కోపం పూర్తిగా పోలేదు, కానీ పెదవి వంకర తిరిగింది. "కో బెంజమిన్ అని రాసినావా? ఇంట్లో ఒరే అంటావు కదే!"

"బావ పేరు వొట్టిగా ఎలా కొడతాను అక్కా?" అంది జూలియట్ నాతోనే. "తప్పు కదా? నాకు తోచనేలేదు. మీ పేరే అంటే ఊ తోనే అనుకున్నాను. ఊ లేకపోతే అది బావ పేరెలా అవుద్ది?"

అత్తగారికి ఇది నచ్చింది. "పిల్ల మర్యాద సేసింది, నీకు దొంగతనంలా కనిపించింది," అని కొడుకుని చూసి నవ్వారు. "ఊ అనరా ఇప్పుడు! ఊ అను!"

మా ఆయన ఊ అనలేదు. "సరేలేమ్మా, రేపు రా," అన్నారు కంచంలోకి చూస్తూ. జూలియట్ కళ్ళు అప్పుడు నిండాయి. అందరికీ ఊపిరి వచ్చింది. బెంజమిన్ కంచం దగ్గరకు లాక్కున్నాడు. క్షణంలో మళ్ళీ ఆఫీసు మాటలు మొదలయ్యాయి. ఆ యు తీసెయ్యాలా ఉంచాలా, తీసేస్తే ఫోల్డర్లు పోతాయా. జూలియట్ కళ్ళు తుడుచుకుంటూనే చెబుతోంది, మా ఆయన ముందుకు వంగి వింటున్నారు. చారు ఎవరికి కావాలో నేను చూడాలి.

నేను చారు గిన్నె కింద పెట్టాను.

"రేపటినుంచి నేనూ ఆఫీసుకి వస్తాను," అన్నాను.

"దేనికి? అది బాగయిపోయింది కదా?" అన్నారు మా ఆయన.

"తప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి నన్ను తీసుకెళ్ళారు. కనిపెట్టాను. సమ్మెలోకి పోయిన అబ్బాయి బల్ల ఖాళీగానే ఉంది. అతను వచ్చేదాకా అది నాది. వచ్చాక ఇంకో బల్ల వేయించండి."

ఆయన నోరు తెరిచి, నిన్న మధ్యాహ్నం నాతో తానే అన్న మాట గుర్తొచ్చి కాబోలు, మూసుకున్నారు.

"మరి వంట?" అన్నారు అత్తగారు.

"ఒక వారం నేను, ఒక వారం జూలియట్. వంట వారం ఉన్నవాళ్ళు పదింటికి ఆఫీసుకి వస్తారు, మూడింటికి వచ్చేస్తారు."

"అక్కా, నాకు గోంగూర సరిగ్గా రాదు," అంది జూలియట్.

"నేర్చుకుంటావు," అన్నాను. "మొదటి వారం నీదే."